ఆంగ్ల బోధన అదనపు పని కాదు

విదేశీ విద్యార్థులను చేర్చుకునే విశ్వవిద్యాలయానికి, వారికి పాఠం అర్థమయ్యేంత ఆంగ్లం నేర్పే బాధ్యత కూడా ఉంటుంది. అరబ్బీలోనో పారశీకంలోనో బడి చదువు ముగించి హైదరాబాద్‌కు వచ్చిన యువతను నేరుగా ఆంగ్ల మాధ్యమ తరగతిలో కూర్చోబెట్టి, తాత్కాలిక అధ్యాపకుల చేత నాలుగు వ్యాకరణ పాఠాలు చెప్పించి చేతులు దులుపుకుంటే ఆ బాధ్యత తీరదు.

మొదటి చిక్కు అధ్యాపకుల విషయంలోనే ఉంది. సాహిత్యంలో ఎం.ఏ. చేసినవారంతా భాష నేర్పగలరన్న భావన ఆంగ్ల శాఖల్లో బలంగా నాటుకుపోయింది. కానీ ద్వితీయ భాషా బోధన, అంటే మాతృభాష స్థిరపడినవారికి మరో భాష పట్టుబడేలా చేయడం, సాహిత్య విమర్శకు భిన్నమైన శాస్త్రం. వర్తమానంలో ‘ఉండు’ అనే క్రియ లేకుండానే వాక్యం పూర్తయ్యే అరబ్బీ నుంచి వచ్చిన విద్యార్థి ‘హీ డాక్టర్’ అని రాస్తాడు; స్త్రీ పురుషులకు ఒకే సర్వనామం వాడే పారశీక భాషి ‘హీ’, ‘షీ’ల దగ్గర తడబడతాడు. ‘ఆయన డాక్టరు’ అనే తెలుగువారికి మొదటి పొరపాటు మూలం ఇట్టే తెలియాలి, అయినా శిక్షణ లేని అధ్యాపకుడు ఎర్ర సిరాతో కొట్టివేయడమే తప్ప కారణం వివరించలేడు.

రెండో చిక్కు వేర్వేరు స్థాయిలవారిని ఒకే తరగతిలో కలిపేసే కలగాపులగం. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాలు ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలను నిర్వచించాయి. అయితే ఒకే విద్యార్థి స్థాయి అన్ని నైపుణ్యాల్లో ఒకేలా ఉండదు; ధారాళంగా మాట్లాడే విద్యార్థి ప్రయోగశాల నివేదిక రాయలేకపోవచ్చు కాబట్టి, చేరినప్పుడే వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలనూ విడివిడిగా పరీక్షించి, ఎవరికి ఏ పనికోసం ఆంగ్లం కావాలో తేల్చే అవసరాల విశ్లేషణపైనే పాఠ్యప్రణాళికను నిర్మించాలి.

దారి తెలియదనడానికి వీల్లేదు. 1958లో హైదరాబాద్‌లో ఆంగ్ల బోధన కోసమే పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) విదేశీయులకు ప్రత్యేక శిక్షణ ఇస్తోంది. 1979 నుంచి 1984 వరకు భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నేతృత్వంలో సాగిన బెంగళూరు ప్రయోగం, సూత్రాల వల్లెవేతకు బదులు అర్థంపై దృష్టి నిలిపే పనుల ద్వారా భాషను నేర్పే పద్ధతిని చూపింది.

విదేశీయుల నుంచి అధిక రుసుములు తీసుకునే సంస్థలు ఖర్చును సాకుగా చూపడం అన్యాయం. అవసరమైనవారికి ప్రధాన కోర్సుకు ముందు ఒక సెమిస్టరు పూర్తిగా ఆంగ్లానికి కేటాయించి, దానికి క్రెడిట్లు ఇచ్చి, భాషా బోధనలో శిక్షణ పొందినవారిని శాశ్వత ప్రాతిపదికన నియమించాలి. అంతవరకు విదేశీ ప్రవేశాల సంఖ్యను పెంచుకునే నైతిక హక్కు ఏ విశ్వవిద్యాలయానికీ లేదు.