ఎలాగూ కాలిపోయే లోకమేగా!

మొన్న వేసవిలో మా సంఘం యవ్వనస్థుల కూడికలో నన్నొక పది నిమిషాలు మాట్లాడమన్నారు. అంశం: దేవుడిచ్చిన వాటికి లెక్క అప్పజెప్పడం. ఈ అంశం మీద అందరూ డబ్బు గురించీ, టైము గురించీ, తలాంతుల గురించీ చెప్తారు కదా, నేను కాస్త మార్చి గాలి, నీళ్ళు, నేల గురించి మొదలుపెట్టాను. బొగ్గు, ఎండలు, తుఫానులు.. అక్కడిదాకా వచ్చానో లేదో, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు నవ్వుతూ చెయ్యెత్తారు. "బ్రదర్, ఇవన్నీ రాకడ సూచనలు. మనం భయపడకూడదు, సంతోషించాలి. ఎలాగూ కాలిపోయే లోకమేగా!" అన్నారు. హాలంతా ఆమెన్ అంది. నా పది నిమిషాలు ఆరో నిమిషానికే అయిపోయాయి :)

సోమవారం ఆఫీసులో భోజనాల దగ్గర ఈ ముచ్చట చెప్తే మా టీములో ఒకతను పడీ పడీ నవ్వాడు. "ఆరు రోజుల్లో లోకం పుట్టిందనే వాళ్ళు మీరు. మీకెందుకు బాబూ క్లైమేట్ సైన్సు?" అని.

అంటే చర్చిలో నేను లోకసంబంధిని, ఆఫీసులో పరలోకసంబంధిని. బాగుంది వరస. ఇద్దరికీ కలిపి ఇక్కడ సమాధానం చెప్పేస్తాను. ఆ మిగిలిన నాలుగు నిమిషాలు నావే కదా.

ముందు ఆఫీసు వాళ్ళ సంగతి. సర్ జాన్ హౌటన్ అని వేల్స్ దేశపు శాస్త్రవేత్త ఒకాయన ఉండేవారు. బ్రిటన్ వాతావరణ శాఖకి అధిపతిగా పనిచేశారు. ఐపీసీసీ మొదటి మూడు నివేదికల్లో సైన్సు విభాగాన్ని నడిపించినవాళ్ళలో ఆయనొకరు. అదే మనిషి నిఖార్సైన ఇవాంజెలికల్ క్రైస్తవుడు కూడా. 2020లో కోవిడ్‌తో పోయారు. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో క్యాథరిన్ హేహో అని వాతావరణ శాస్త్ర ప్రొఫెసరున్నారు, ఆవిడ భర్త పాస్టరు. వాతావరణ మార్పుని ఆపడానికి మామూలు మనిషి చెయ్యగలిగిన అతి ముఖ్యమైన పని దాని గురించి నోరు విప్పి మాట్లాడటమేనని 2018లో ఒక టెడ్ ప్రసంగంలో చెప్పింది ఆవిడే. కాబట్టి నమ్మకం ఉన్నవాడికి సైన్సెందుకు అనే ప్రశ్న నన్ను కాదు, వాళ్ళని అడగండి.

ఇక సైన్సంటారా, మనం ఇంజనీర్లం కాబట్టి రూట్ కాజ్ అనాలిసిస్ లాగే చూద్దాం. బొగ్గు మండిస్తే భూమి వేడెక్కుతుందన్న లెక్కని 1896లోనే అరీనియస్ అనే స్వీడన్ ఆయన కాగితం మీద కట్టాడు. 1958 నుంచి హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలుస్తూనే ఉన్నారు. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో పది లక్షల వంతులకి 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతాలు వదిలిందేమో అంటారా? మండటానికి ఆక్సిజన్ కావాలి, ఆ లెక్కకి తగ్గట్టే గాలిలో ఆక్సిజన్ కొంచెం కొంచెంగా తగ్గుతోంది. అగ్నిపర్వతం ఊదితే అలా తగ్గదు. సూర్యుడి వేడేమో అంటారా? అదే అయితే వాతావరణం కింద పొరా, పై పొరా రెండూ వేడెక్కాలి. కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. లాగ్స్ ఇంత స్పష్టంగా ఉన్నాక బగ్ ఎవడి కమిట్ వల్ల వచ్చిందో చెప్పడానికి మనకి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఇందులో నా నమ్మకానికి తగిలే ముక్క ఒక్కటీ లేదు. దేవుడు ఈ లోకాన్ని ఒక క్రమంలో చేశాడని నమ్మేవాడికి, ఆ క్రమాన్ని కొలిచే థర్మామీటరంటే భయమెందుకు?

ఇంకో మిత్రుడు కాస్త చదువుకున్నవాడు. "అసలు ఈ తెగులు మీ బైబిల్‌తోనే మొదలైంది, భూమిని ఏలుకోమన్నారు కదా" అన్నాడు. కొత్త మాటేం కాదు. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఇదే వాదన చేశాడు. చాలామంది చెప్పని సంగతేంటంటే, ఆయనా క్రైస్తవుడే. ఆ వ్యాసం చివర్లో అసిసీ ఫ్రాన్సిస్‌ని పర్యావరణవాదులకి పోషక పునీతుడిగా పెట్టుకోమన్నాడు. 1979లో పోప్ రెండవ జాన్ పాల్ ఆ పని చేశారు కూడా. తిట్టు మాకు కొంత తగిలింది, ఒప్పుకుంటాను. కానీ తిట్టినవాడు ఇంటివాడే, మందు చెప్పినవాడూ ఇంటివాడే.

ఇప్పుడు చర్చి పెద్దలకి. వందనాలండీ. నాకు అసలు పేచీ మీతోనే.

ఆదికాండం మొదటి అధ్యాయంలో ఏలమన్న మాట మనకి కంఠతా వచ్చు. రెండో అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం నిద్దరొస్తుంది. అక్కడ దేవుడు మనిషిని తోటలో పెట్టి రెండు పనులు అప్పజెప్తాడు. సాగు చెయ్యడం, కావలి కాయడం. హీబ్రూలో మొదటి పనికి వాడిన మాట 'అబద్'. దానికి సేవ చెయ్యడం అనే అర్థం కూడా ఉంది. రెండోది 'షమర్', కావలి ఉండటం. అక్కణ్ణుంచి రెండు అధ్యాయాలు దాటితే, తమ్ముణ్ణి చంపొచ్చిన కయీను కనిపిస్తాడు. నీ తమ్ముడేడీ అని దేవుడడిగితే, నేనేమన్నా వాడికి కావలివాణ్ణా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్కడా అదే ధాతువు. తోటకి కావలి ఉండమన్న మాటా, తమ్ముడికి కావలి ఉండనన్న మాటా ఒకటే మాట. "వాతావరణంతో మనకేంటి బ్రదర్" అని ఎవరన్నా నాకు ఆ ఎదురు ప్రశ్నే వినిపిస్తుంది. కటువుగా ఉందా? ఉండనివ్వండి.

ఎవరా తమ్ముడు అంటారా? ఒకావిడ గురించి చెప్తాను. 2015 మే నెల. అప్పుడే ఎంసెట్ రాసి ఇంట్లో ఉన్నాను. మా ఊరి సంఘస్తురాలు, నాకు పిన్ని వరస. ఉపాధి హామీ కింద చెరువు పనికెళ్ళి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, కాసిని మంచినీళ్ళు అడిగి వేపచెట్టు కింద పడుకుంది. సాయంత్రానికి లేదు. భూస్థాపన దగ్గర వాక్యం చెప్పిన అయ్యగారు, ప్రభువు తన దాసురాలిని విశ్రాంతికి పిలుచుకున్నాడన్నారు. విశ్రాంతి సంగతి నేను కాదనను. కానీ ఆ రోజు అక్కడ ఎండ అన్న మాట ఎవరి నోటా రాలేదు. నేనూ అనలేదు.

ఆ ఏడు వడగాడ్పులకి దేశంలో దాదాపు 2,500 మంది పోయారని లెక్క. వాళ్ళలో ఎక్కువమంది మన ఆంధ్ర, తెలంగాణ వాళ్ళే. బయట కాయకష్టం చేసేవాళ్ళూ, ముసలివాళ్ళూ. మన కోస్తాలో ఇంకో బాధ ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అప్పుడు నీడలో కూర్చున్నా ప్రాణం మీదకొస్తుంది. ఆ ఒక్క వడగాడ్పూ మొత్తంగా బొగ్గు వల్లే వచ్చిందని నేననను. ఎండలు మనకి కొత్త కాదు, రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయనుకునే నేల మనది. కానీ ముందే రోళ్ళు పగిలే చోట ఇంకో డిగ్రీ ఎక్కిస్తే ఎవరి నెత్తి పగులుతుందండీ?

మన తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమందిమి ఎవరం? దళితులం. మన అమ్మమ్మలూ తాతయ్యలూ ఒకరి పొలంలో కూలి చేసి బతికినవాళ్ళు. మనలో కొందరం గచ్చిబౌలి ఏసీ గదుల్లోకి చేరగానే ఎండ మన ప్రసంగాల్లోంచి మాయమైపోయింది. ఎండ ఎక్కడికీ పోలేదు. మనమే పోయాం.

సరే, రాకడ సూచనలే అనుకుందాం. రాకడ మీద నాకూ నమ్మకముంది. కానీ లూకా సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం గుర్తుందా? యజమాని ఇప్పట్లో రాడులే అని తోటి పనివాళ్ళని కొడుతూ, తిని తాగి మత్తులో పడిన గృహనిర్వాహకుడు. వాడికేమైందో మీరే చదువుకోండి. మనం వాడికంటే ఒకాకు ఎక్కువ చదివాం. యజమాని వచ్చేస్తున్నాడు, ఇక ఇల్లు పాడైతే మాత్రం ఏం అంటున్నాం! మన భాషలో చెప్తే, వచ్చే ఏడు సర్వర్ తీసేస్తారని తెలిసినంత మాత్రాన ఈ ఏడు బ్యాకప్పులు మానేస్తామా? ఇవాళ దాని మీద జనాల జీతాలు నడుస్తున్నాయే! మానేసినవాణ్ణి చూసి "ఎంత విశ్వాసమయ్యా నీది" అని ఏ క్లయింటైనా మెచ్చుకుంటాడా?

పైగా ఈ లాజిక్కుని ఇంకెక్కడా వాడం. కాలిపోయే లోకంలో త్రీ బెడ్రూం ఫ్లాటుకి ఇరవయ్యేళ్ళ లోను తీసుకుంటాం. కాలిపోయే లోకంలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తాం. కాలిపోయే లోకంలో చర్చికి బాల్కనీ కడతాం. ఒక్క పక్కవాడి ఎండ దగ్గరకొచ్చేసరికే లోకం కాలిపోవడం గుర్తొస్తుంది.

ఇంకో మాట. ఈ వాదన మన పొలాల్లో పుట్టింది కూడా కాదు, చాలావరకు దిగుమతి సరుకు. ఓక్లహోమా సెనేటర్ జేమ్స్ ఇన్‌హోఫ్ 2012లో ఆదికాండం 8వ అధ్యాయం చూపించి, రుతువులు ఆగవని దేవుడే చెప్పాడు కాబట్టి మనిషి వాతావరణాన్ని మార్చలేడన్నాడు. 2015 ఫిబ్రవరిలో ఏకంగా ఒక మంచు ముద్ద పట్టుకుని సెనేట్‌లోకి వచ్చాడు. ఆయన రాష్ట్రంలో చమురు, గ్యాస్ వ్యాపారం పెద్దది. ఆ వ్యాఖ్యానం వల్ల వాళ్ళకి ఏదో లాభముంది. చెరువు పనికెళ్ళే మన పిన్నికి ఏముంది? నోవహు రోజుల్లో దేవుడు తాను మళ్ళీ జలప్రళయంతో లోకాన్ని నాశనం చెయ్యనని మాటిచ్చాడు. మనం నాశనం చెయ్యలేమని ఎక్కడా చెప్పలేదు. ఆ నిబంధన కూడా మనుషులొక్కళ్ళతో కాదు, ఓడలోంచి దిగిన ప్రతి జీవితోనూ చేశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అదే అమెరికాలో 2006లో రిక్ వారెన్‌తో సహా 86 మంది ఇవాంజెలికల్ పెద్దలు వాతావరణం గురించి చర్య తీసుకోవాలని సంతకాలు పెట్టారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఏకంగా ఒక విశ్వలేఖే రాశారు. దిగుమతి చేసుకునేదేదో మంచి సరుకు చేసుకోవచ్చుగా?

మన పెద్దవాళ్ళు ఇలా లేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని అంచనా. అప్పుడు చర్చి సంస్థలు సూచనలు లెక్కపెడుతూ కూర్చోలేదు. ఇళ్ళు కట్టాయి, తుఫాను షెల్టర్లు కట్టాయి. తర్వాత వచ్చిన తుఫానుల్లో అన్ని ప్రాణాలు పోలేదంటే ముందస్తు హెచ్చరికలతో పాటు అలాంటి షెల్టర్లూ కారణమే. ప్రార్థన చేసిన చేతులే ఇటుకలూ మోశాయి. కానీ షెల్టర్లో మనిషిని దాచగలం, పైరుని దాచలేం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. కోతల పండగకి చర్చిలో వరికంకులు కట్టి, గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేసుకునే సంఘాలండీ మనవి. కంకి మీదే మొలకలొచ్చిన ఏడు ఏం పట్టుకెళ్ళి కడతారు?

"అమెరికావాడు తగలేసి మనకి నీతులా?" అనేవాళ్ళూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. తలసరి లెక్కలో వాళ్ళు ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వదిలితే మనం 2 టన్నుల చిల్లర. కానీ ఆ 2 సగటు అని మర్చిపోకండి. చెరువు పనికెళ్ళే పిన్నినీ, రెండు ఏసీలూ ఒక కారూ ఉన్న నన్నూ కలిపి తీసిన సగటు. నేనొక్కసారి హైదరాబాదు నుంచి డల్లాస్ వెళ్ళొస్తే ఆ విమానం లెక్కే ఇంచుమించు ఒక సగటు భారతీయుడి ఏడాది లెక్క. ఆవిడ పేదరికం చాటున నా వాటా దాచుకుని "ఇండియా తలసరి తక్కువండీ" అనడం నాకు సిగ్గుగా ఉంది.

ఏం చెయ్యమంటావు మరి అంటారా? ఒక చర్చి డాబా మీద సోలార్ పలకలు పెడితే భూమి చల్లబడదని నాకూ తెలుసు. అయినా బాల్కనీకంటే ముందు పలకలు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసి ఉండే ఆ పెద్ద హాలు పగటిపూట తెరిచి, ఫ్యాన్లు వేసి, కుండల్లో నీళ్ళు పెట్టండి. పని చేసుకునేవాళ్ళు మతంతో పనిలేకుండా వచ్చి కూర్చుంటారు. ఓట్లడగడానికి వచ్చే నాయకుడికి పూలదండ వేసేటప్పుడు, మా ఊళ్ళో ఎండాకాలం పని వేళల సంగతేంటని ఒక్క మాట అడగండి. అన్నిటికంటే ముందు, వేసవి మొదలవకముందే ఒక్క ఆదివారం ఆ మాటని పుల్పిట్ మీద నుంచి పలకండి.

ఆఫీసు మిత్రులకి కూడా చివరగా ఒకటి. మన ఊళ్ళలో శాస్త్రవేత్త మాట వినే జనం కంటే అయ్యగారి మాట వినే జనమే ఎక్కువ. నన్ను చూసి నవ్వినంతసేపు నవ్వండి, తర్వాత సాయం రండి.

వచ్చే కూడికలో నన్ను మాట్లాడమంటారో లేదో తెలీదు. అనకపోయినా లేచి ఆ నాలుగు నిమిషాలు అడుగుతాను. పెద్దాయన మళ్ళీ చెయ్యెత్తుతారు. ఎత్తనివ్వండి. పిన్నిని మట్టిలో పెట్టిన రోజున నోట్లోనే మింగేసిన మాట ఒకటుంది, ఈసారి అది అనేదాకా కూర్చోను.