ప్లాటుకు పాత పేరు

ఫోన్ తీసి 'అనంతగిరిలో ప్లాట్లు' అని కొట్టి చూడండి. ముందు వికారాబాద్ కొండలొస్తాయి: మంచు, రిసార్టులు, ఫామ్ ప్లాట్లు. ఇంకాస్త కిందికి పోతే అరకు దారిలోని అనంతగిరి, కాఫీ తోటలు. మూడో అనంతగిరి కోసం ఓపికగా వెతకాలి. అది సూర్యాపేట జిల్లాలో, కోదాడకు ఖమ్మం వైపు ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కోదాడ మండలం నుంచి విడిపోయి మండల కేంద్రమైంది. ఇక్కడ మంచు లేదు, కాఫీ లేదు. వరి ఉంది, ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఈ మధ్య రోడ్డు పొడవునా వెంచర్ల బోర్డులున్నాయి.

ఈ చుట్టుపక్కల ప్లాటు అమ్మేవాళ్లు ఊరి పేరు దగ్గర తరచుగా కోదాడ అనే రాస్తారు. వెతికేవాడు కోదాడ అనే కొడతాడు కదా. మిగతా ప్రకటన ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. 200 గజాలు, ఈస్ట్ ఫేసింగ్, 30 అడుగుల రోడ్డు, క్లియర్ టైటిల్, కాలేజీకి దగ్గర, హైవేకు పది నిమిషాలు. ఎవరి బండి మీద పది నిమిషాలో చెప్పరు. 'రానున్న రైల్వే లైనుకు సమీపంలో' అన్న మాట కూడా కనిపిస్తుంటుంది. కోదాడకు గానీ సూర్యాపేటకు గానీ ప్రయాణికుల రైలు ఇప్పటికీ లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో ఖమ్మానికో పోవాల్సిందే.

ఇవన్నీ చిన్న అతిశయోక్తులు, అమ్ముకునేవాడి మాటలు. వాటితో నాకు పెద్ద పేచీ లేదు. ప్రకటనలో అసలు రాయని ఒక్క అంకె గురించే నా గోలంతా. అది సర్వే నంబరు.

ఆ నంబరు తెలిస్తే కొనేవాడు ఇంట్లో కూర్చునే సగం పని చేసుకోవచ్చు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో మొదలైన భూభారతిలో ఆ భూమి రికార్డుల్లో ఎవరి పేరున ఉందో చూడవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉందా, ఒకప్పుడు పేదలకిచ్చిన అసైన్డ్ భూమా అన్నది తేలుతుంది. 1983 నుంచి రిజిస్టరైన లావాదేవీలకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయవచ్చు. అంత పనికొచ్చే అంకెను ఎందుకు దాస్తారు? మోసం చేయడానికే అనుకుంటే పొరపాటు. నంబరు బయటపెడితే కొనేవాడు నేరుగా ఓనరు దగ్గరికి పోతాడు, మధ్యవర్తి కమీషన్ పోతుంది. "ముందు సైటు చూడండి సార్, డాక్యుమెంట్లదేముంది" అనే మాట వెనకున్నది చాలాసార్లు ఆ భయమే. కమీషన్ కోసం వేసిన ఆ ముసుగు కిందే అసలు మోసం కూడా హాయిగా దాక్కుంటుంది.

పైగా ఈసీ చూశాం కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు. రిజిస్టర్ కానిది ఏదీ అందులో కనిపించదు. మన పల్లెల్లో భూములు చేతులు మారింది చాలావరకు తెల్ల కాగితాల మీద, సాదా బైనామాలతో. పెద్దమనుషుల ముందు నోటిమాటతో జరిగిన పంపకాలు మరికొన్ని. నాలుగెకరాల చెలకను ఇద్దరన్నదమ్ములు పంచుకుని, వెంచర్ వేసేవాడికి అమ్మేశారనుకుందాం. అక్కచెల్లెళ్ల సంతకాలు తీసుకున్నారా? ఉమ్మడి రాష్ట్రంలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబరు నుంచే ఉంది. 2005లో దేశమంతటా వచ్చింది. తండ్రి ఆనాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చాం, వాళ్లేమీ అడగరు అన్నది కుటుంబంలో చెల్లే మాట, కోర్టులో చెల్లదు. గజం పదివేలప్పుడు అడగని చెల్లెలు పాతికవేలైనప్పుడు అడిగితే తప్పు ఆమెది కాదు. 'క్లియర్ టైటిల్' అనే రెండు ముక్కలు రాసినవాడు ఆమెను కలిసి ఉండడు.

'అప్రూవ్డ్' అన్న మాటకూ ఇదే గతి. పంచాయతీ ముద్ర ఉన్న లేఔట్ కాగితం చూపించి అప్రూవ్డ్ అంటారు. డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) నుంచి టెంటేటివ్ ఎల్‌పీ (తాత్కాలిక లేఔట్ అనుమతి) వచ్చినా అదే మాట. టెంటేటివ్ అంటే రోడ్లు వేసి, డ్రైనేజీ కట్టి, కరెంటు స్తంభాలు పాతి, పదిశాతం ఖాళీ జాగా పార్కుకు అప్పగిస్తే అప్పుడు ఫైనల్ ఇస్తామని అర్థం. ఆ రెంటి మధ్య ఏళ్లు గడుస్తాయి, ఒక్కోసారి వెంచర్ ఆఫీసే ఎత్తేస్తారు. అసలు అనుమతే లేని పాత లేఔట్లలో ప్లాటైతే ఎల్ఆర్ఎస్ (లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం) సంగతి అడగాలి. 2020 ఆగస్టులో ప్రభుత్వం ఈ పథకం తెచ్చినప్పుడు సుమారు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. అవి ఏళ్ల తరబడి కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి, గడువు పొడిగిస్తూ వచ్చారు. 'ఎల్ఆర్ఎస్ ఉంది' అనే ప్రకటనలో ఉన్నది వెయ్యి రూపాయలు కట్టిన రసీదు మాత్రమే కావచ్చు. పార్కు జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం, దానిపైన క్రమబద్ధీకరణ రుసుము ఎవరు కట్టాలో గజం ధర పక్కన రాయరు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం సంగతి సరేసరి.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నమోదు కాని ప్రాజెక్టుకు ప్రకటనే ఇవ్వకూడదు. ఇచ్చే ప్రకటనలో రెరా నంబరు, వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి నష్టపోతే పరిహారం అడగవచ్చు. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోకూడదు. బాగానే ఉంది. కానీ ఆ చట్టం ఉద్దేశించింది బిల్డరునూ వెంచర్ వేసినవాడినీ. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటని జాగాకు నమోదే అక్కర్లేదు. ఇక ఒక టీచరు పదేళ్ల కింద కొన్న ప్లాటును కూతురి పెళ్లికి అమ్ముకుంటే అది రెరా పరిధిలోకే రాదు. మన చిన్న పట్టణాల్లో ఆన్‌లైన్‌కెక్కే సరుకులో ఇలాంటి చేతులు మారే ప్లాట్లు బోలెడు. హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాడికున్న ఆ కాస్త రక్షణ కూడా అనంతగిరిలో ఇలాంటి ప్లాటు కొనేవాడికి లేదు. ఈ ప్రకటనలు వేసే పోర్టళ్లు తమది బోర్డు కట్టే పని మాత్రమే అంటాయి. సర్వే నంబరు, లింకు డాక్యుమెంటు నంబరు నింపనిదే ప్రకటన తీసుకోని గడి ఒకటి పెట్టడానికి వాటికి ఎంత ఖర్చవుతుంది?

ఇక ఫొటో. ప్లాటు ఫొటోలు ఎప్పుడు తీస్తారో గమనించారా? ఏప్రిల్, మే నెలల్లో. తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్లు, కంకర రోడ్డు, రంగు జెండాలు, పైన నీలాకాశం. ఆ ఫొటోను పెద్దది చేసి నేలను చూడండి. చెయ్యి పట్టేంత నెర్రెలు కనిపిస్తే అది నల్లరేగడి. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, పైన కట్టిన గోడను బీటలు వారుస్తుంది. పునాది లోతుకు పోవాలి, ఖర్చు పెరుగుతుంది. ఈ మాట చెప్పే ప్రకటన ఒక్కటీ నా కంట పడలేదు.

అదే ప్లాటు సెప్టెంబరులో ఎలా ఉంటుంది? 2024 ఆగస్టు 31 రాత్రి, మర్నాడు ఈ జిల్లా చూసిన వానను ఎవరూ మర్చిపోలేదు. హుజూర్‌నగర్‌లో ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల దాకా పడింది. కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. నీటి పక్కన కట్టేటప్పుడు, పది హెక్టార్లు మించిన చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని 2012 భవన నిబంధనలు చెబుతున్నాయి. అయితే కుంట ఎక్కడిదాకా ఉండేదో చెప్పే గట్టును చదును చేశాక ఆ తొమ్మిది మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

ముంపు సంగతి ప్రకటనలో రాయాలంటే ఎక్కడైనా కష్టమే. అమెరికాలో మనవాళ్లు ఇళ్ల కోసం ముందు తెరిచే 'జిల్లో' వెబ్‌సైట్, 2024లో ప్రతి ఇంటి పక్కన వరద, కార్చిచ్చు ముప్పు ఎంతో అంకెల్లో చూపిస్తామంది. ఏడాది తిరిగేసరికి ఇళ్లు అమ్మేవాళ్లు, ఏజెంట్లు గోల పెట్టడంతో ఆ అంకెలు తీసేసింది. ఇప్పుడు లెక్కలున్న చోటికి ఒక లింకు మిగిలింది. అంకెలు ఎంతవరకు సరైనవో వాదించుకోవచ్చు. తీసేయమని అడిగింది మాత్రం కొనేవాళ్లు కాదు.

మన దగ్గర అంత సాంకేతికత లేకపోయినా నడిచే పద్ధతి ఒకటుంది. ప్రకటనలో ఆ జాగా పేరు ఏదో నగర్, ఏదో ఎన్‌క్లేవ్, ఫేజ్ 2. పక్కన ఇంకా వరి వేస్తున్న రైతు దగ్గర గట్టు మీద కాసేపు కూర్చుని, వెంచర్ పడకముందు ఈ మడిని ఏమనేవాళ్లని అడగండి. పొలానికి పేరు లేని ఊరు మన దగ్గర లేదు. 'చింతచెట్టు చెలక' అంటే సంతోషం. 'కుంట కింది మడి' అన్నాడంటే, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవో కూడా ఆయన్నే అడగండి, చేత్తో చూపిస్తాడు. ఆ చెయ్యి చూపించిన వైపు ఇప్పుడు 30 అడుగుల రోడ్డుంటే, దాని కింద తూము పెట్టారో లేదో వంగి చూసి రండి.