తేదీ కాదు, దారి అడగండి

2025 జూన్ చివర్లో టోక్యోలో పనిచేసే మా మిత్రుడికి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. "ఒరేయ్, జూలై ఐదు లోపల ఇంటికొచ్చెయ్. కావాలంటే తర్వాత మళ్ళీ పోదువుగాని" అని. వీడు ప్లేట్ టెక్టానిక్స్ మొదలుకొని అరగంట క్లాసు పీకాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "సరే, రాదని రాసిస్తావా?" అన్నారట. మావాడి నోరు మూతపడింది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఈ జూలై ఐదు గొడవేంటో తెలియనివాళ్ళ కోసం కాస్త పూర్వకథ. జపాన్‌లో ర్యో తత్సుకి అనే మాంగా రచయిత్రి 1999లో తన కలల గురించి ఒక పుస్తకం వేసింది. దాని అట్ట మీద 2011 మార్చిలో పెద్ద విపత్తు అని ఉంది. నిజంగానే 2011 మార్చిలో తోహోకు భూకంపం, సునామీ వచ్చాయి. ఇంకేం! 2021లో వచ్చిన కొత్త ఎడిషన్‌లో ఈసారి 2025 జూలై అని ఉంది. జనం నోళ్ళలో పడి అది జూలై 5 అయి కూర్చుంది. హాంకాంగ్ నుంచి జపాన్ వెళ్ళే విమానాలు కొన్ని తగ్గించేశారు కూడా.

సరిగ్గా అదే సమయంలో, జూన్ 21 నుంచి, జపాన్ దక్షిణాన తొకారా దీవుల దగ్గర భూమి వణకడం మొదలుపెట్టింది. ఒకటీ రెండూ కాదు, రెండు వారాల్లో మనుషులకు తెలిసేటంత ప్రకంపనలే వెయ్యికి పైగా. జూలై 3న అకుసెకి అనే చిన్న దీవిలో, ఏడు దాకా ఉండే జపాన్ తీవ్రత కొలబద్ద మీద 'దిగువ 6' నమోదయ్యింది. నిద్రల్లేక అలిసిపోయిన దీవివాసులు కొందరు ఓడెక్కి కగొషిమా వెళ్ళిపోయారు.

ఫిలిప్పీన్ సముద్రపు ఫలకం ర్యుక్యు అగాధం దగ్గర పక్క ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. తొకారా దీవులు ఆ అంచున పుట్టిన అగ్నిపర్వతాల వరస. ఇలాంటి చోట్ల ఒక పెద్ద భూకంపం, దాని వెనక చిన్నవి అనే వరస లేకుండా, ఇంచుమించు ఒకే స్థాయివి గుంపులుగా వస్తుంటాయి. వీటినే స్వార్మ్ అంటారు. కింద మాగ్మా కదలడం, ఒత్తిడిలో ఉన్న నీళ్ళు పగుళ్ళలోకి చొరబడడం, చప్పుడు లేకుండా ఫలకాలు నెమ్మదిగా జారడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

జూలై 5 వచ్చింది, వెళ్ళింది. ఏమీ కాలేదు. "చూశారా, అంతా మూఢనమ్మకం" అని మా ఆఫీసు హేతువాదులు చంకలు గుద్దుకున్నారు. జూలై 30న రష్యాలోని కంచట్కా దగ్గర 8.8 భూకంపం వచ్చింది. జపాన్ తీరంలో లక్షలాది మందిని ఎత్తైన చోట్లకు వెళ్ళమన్నారు. అప్పుడు రెండో వర్గం "చూశారా, నెల తప్పలేదు" అని మొదలుపెట్టింది. కంచట్కా తొకారాకి వేల కిలోమీటర్ల దూరం. అయినా సరే!

నా దృష్టిలో రెండు వర్గాలదీ ఒకటే తప్పు. ఇద్దరూ తేదీతోనే పందెం కాశారు.

ఒకసారి పాత లాగ్స్ తిరగేద్దాం. తొకారాలోనే 2021 డిసెంబరులో, 2023 సెప్టెంబరులో ఇలాంటి గుంపులే వచ్చి సద్దుమణిగాయి. 2005 జనవరి చివర్లో మన అండమాన్ సముద్రంలో వచ్చిన గుంపులో 5 దాటినవే వందకు పైగా ఉన్నాయి. అదీ చల్లబడింది. ఇక రెండో వైపు చూడండి. 2011 మార్చి 9న తోహోకు దగ్గర 7.3 వచ్చింది, రెండ్రోజులకి 9.0. 2014 మార్చిలో చిలీలోని ఇకీకే దగ్గర 6.7తో ఊపందుకున్న గుంపు ఏప్రిల్ 1న 8.2 దాకా పోయింది. కంచట్కాలో కూడా జూలై 20న 7.4 వచ్చాకే ఈ 8.8. మొదటి రోజు చూస్తే ఏది సద్దుమణిగేదో ఏది ముదిరేదో ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. 'ముందస్తు ప్రకంపన' అనే పేరు పెద్దది వచ్చాక పెట్టేదే.

రాత్రిళ్ళు ఆన్‌కాల్ చేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. వంద అలర్ట్‌లొస్తే తొంభై పైచిలుకు ఉత్తవే. అమెరికా జియలాజికల్ సర్వే లెక్క కూడా ఇంచుమించు అంతే. ఒక భూకంపం తర్వాత కొద్ది రోజుల్లో అక్కడే ఇంకా పెద్దది వచ్చే అవకాశం నూటికి ఐదారు. అలాగని పేజర్ కట్టేస్తామా? ప్రతి అలర్ట్‌కీ డేటాసెంటర్ ఖాళీ చేయిస్తామా? రెండూ చెయ్యం. రన్‌బుక్ రాసుకుంటాం.

2024 ఆగస్టు 8న క్యూషూ దగ్గర 7.1 వచ్చినప్పుడు జపాన్ వాతావరణ సంస్థ చేసింది అదే. నంకాయ్ అగాధంలో మహాభూకంపం వచ్చే అవకాశం మామూలు కంటే పెరిగిందని మొట్టమొదటిసారి సూచన ఇచ్చి, వారం జాగ్రత్తగా ఉండమంది. ఆ పెరిగిన అవకాశమైనా కొన్ని వందల్లో ఒకటే. ఏమీ రాలేదు. కొందరు "నాన్నా పులి" కథ గుర్తు చేసి వెక్కిరించారు. ఆ కుర్రాడు పులి వచ్చిందన్నాడు. వీళ్ళు పులి అడుగులు కనిపించాయి, కర్ర దగ్గర పెట్టుకోండి అన్నారు. రెండిటికీ తేడా లేదా?

దారి తెలిసి ఉండడం ఎంత పని చేస్తుందో కురిల్ దీవుల్లోని సెవెరో-కురిల్స్క్ చెబుతుంది. 1952 కంచట్కా సునామీలో అక్కడ రెండు వేల మందికి పైగా పోయారు. తర్వాత ఊరిని ఎత్తు మీద మళ్ళీ కట్టుకున్నారు. 2025లో రేవు మునిగింది, మనుషులు మాత్రం అప్పటికే పైకెక్కేశారు. 1952లోనూ తేదీ తెలియదు, 2025లోనూ తెలియదు.

మన సంగతి? 2004 డిసెంబరు 26 పొద్దున్నే సుమత్రాలో భూమి కదిలాక, అలలు ఆంధ్రా తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో చెప్పేవాడు లేక మన రాష్ట్రంలోనే వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ తప్పిపోయింది జోస్యం కాదు, కబురు. 2007లో మన హైదరాబాదు ప్రగతినగర్‌లోనే, ఇన్‌కాయిస్‌లో, సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఆ కబురు విన్న మత్స్యకారుడికి ఎటు పరిగెత్తాలో తెలిసుండాలి. నన్నడిగితే, టీవీల్లో జ్యోతిష్యులకిచ్చే టైములో పదోవంతు ఆ దారి చూపించడానికిస్తే చాలు.

మళ్ళీ అమ్మగారి దగ్గరికొద్దాం. రాదని రాసివ్వడం ఎవరివల్లా కాదు. మావాడికి నేను చెప్పిందొకటే: ఆవిడని ఓడించకు, ఆవిడ భయానికి పని చెప్పు. వాడు నీళ్ళు, టార్చి, మందులు సర్దిన సంచీ ఫోటో తీసి పంపాడు. ఇంటి దగ్గర స్కూలు గ్రౌండుకి వెళ్ళే దారిని మ్యాపులో గీసి పంపాడు. ఆవిడ తేదీ గురించి మళ్ళీ అడగలేదట.

ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా "ఆ సంచీలో నీళ్ళ సీసాలు మార్చావా?" అని అడుగుతున్నారట. మావాడు మార్చలేదు. ఆవిడడిగాక మారుస్తున్నాడు.