వరుణుడు వానదేవుడేనా?

తెలుగునాట వానలు ఆలస్యమైతే వరుణుడు కరుణించలేదని వార్తాపత్రికలు వ్రాస్తాయి. ఎక్కువైతే వరుణుడు ఆగ్రహించాడని వ్రాస్తాయి. దేవాలయాలలో వరుణజపాలు జరుగుతాయి. 2019 మే నెలలో తిరుమలలో కారీరీష్టి యాగంతోపాటు వరుణజపం కూడ జరిగింది. సామాన్యుని దృష్టిలో వరుణశబ్దానికి వర్షాధిదేవత అన్న అర్థం ఒక్కటే మిగిలింది. లోకవ్యవహారాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ఆ వ్యవహారమే తరగతి గదిలో నిర్వచనంగా, పరిశోధన గ్రంథంలో సిద్ధాంతంగా స్థిరపడుతున్నప్పుడు మాత్రం విచారణ అవసరమవుతుంది. వేదవాఙ్మయం చూపే వరుణుడు ప్రధానంగా ప్రమాణానికి సాక్షి, ఋతుచక్రానికి నియామకుడు. వర్షం ఆ రెండింటి ఫలం మాత్రమే. మూలాన్ని వదలి ఫలాన్నే పట్టుకోవడం వల్ల ఒక మహాదేవతాతత్త్వం మరుగున పడింది. అంతేకాక వర్షప్రార్థన అన్న కర్మకే నైతికాధారం లోపించింది.

వేదంలో వర్షానికి ప్రత్యేకించిన దేవతలు వేరే ఉన్నారు. ఋగ్వేదంలో పర్జన్యునికి మూడు సూక్తాలున్నాయి. మరుత్తులు మేఘాలను నడిపిస్తారు. ఇంద్రుడు వృత్రుని చంపి జలాలను విడిపిస్తాడు. వర్షకామునికి తైత్తిరీయ సంహిత ద్వితీయకాండం విధించిన కారీరీష్టిలో హవిస్సులను స్వీకరించే ప్రధానదేవతలు ధామచ్ఛదుడైన అగ్ని, మరుత్తులు, సూర్యుడు. అక్కడ వరుణునికి పురోడాశం లేదు. మరొకవంక, వరుణుని ఒక్కనినే స్తుతించే సూక్తాలు ఋగ్వేదంలో పన్నెండు వరకు ఉన్నాయి. వాటిలో తలమానికమైనవి సప్తమమండలంలో వసిష్ఠుడు దర్శించిన 86 మొదలు 89 వరకు గల సూక్తాలు. వాటిలో ఋషి తన వలన జరిగిన అపరాధం ఏదని అడుగుతాడు, క్షమించుమని వేడుకొంటాడు. ఆయన కోరేది పాశవిమోచనం.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. తెలుగుదేశపు వైదికులలో కృష్ణయజుర్వేదీయులే అధికసంఖ్యాకులు. వారి సాయంసంధ్యలో ఉపస్థానమంత్రాలు వరుణదేవతాకాలు. వాటి అర్థం రక్షణ కోరడం, ఆయుర్దాయాన్ని హరించవద్దని వేడుకోవడం, దినదినమూ ఆ దేవుని వ్రతాన్ని ఉల్లంఘిస్తున్నామని ఒప్పుకోవడం, తెలియక చేసిన ధర్మలోపాన్ని మన్నించుమనడం, జూదరుల వలె చేసిన మోసాన్ని సడలించుమనడం. వాన మాట వాటిలో ఎక్కడా లేదు. ప్రతిదినం సాయంకాలం ఈ మంత్రాలను పఠించే సంప్రదాయంలోనే వరుణుడంటే వానదేవుడన్న భావం గట్టిపడడం వింతగా తోచినా, మంత్రం నోటికీ అర్థం గ్రంథానికీ పరిమితమైనచోట ఇది సహజపరిణామమే.

ఈ వాదానికి ఆక్షేపం లేకపోలేదు. పంచమమండలంలోని 63వ సూక్తం మిత్రావరుణులను వర్షప్రదాతలుగా స్తుతించింది. అదే మండలంలోని 85వ సూక్తం వరుణుడు మేఘమనే పాత్రను తలక్రిందులుగా వంచి భూమిని తడిపినట్లు వర్ణించింది. నిరుక్త దశమాధ్యాయంలో యాస్కుడు వరుణుని మధ్యమస్థాన దేవతలలో చేర్చి, ఆవరించువాడన్న వ్యుత్పత్తి చెప్పి, ఈ మంత్రాన్నే ఉదాహరించాడు. కనుక వర్షసంబంధం అవైదికమని అనడానికి వీలులేదు. అయితే ఆ 85వ సూక్తాన్ని చివరివరకు చదవాలి. వానతో మొదలైన ఆ స్తుతి మిత్రుని పట్ల, సోదరుని పట్ల, పొరుగువాని పట్ల చేసిన అపరాధాలను ప్రస్తావిస్తూ ముగుస్తుంది. సాయంసంధ్యలో వినిపించే జూదరి మోసపు మంత్రం ఆ సూక్తపు చివరి ఋక్కే. వానను కురిపించే చేయి, మాట తప్పినవానిని బంధించే చేయి ఒకటేనని సూక్తకర్త ఉద్దేశం. యాస్కుని ఉదాహరణ మొదటి సగానికి సాక్ష్యం. రెండవ సగాన్ని ఆయన నిరాకరించలేదు.

ఈ రెండు సగాలను కలిపే సూత్రం ఋతం. ఋతం, ఋతువు అన్న శబ్దాలు ఒకే ధాతువు నుండి పుట్టినవి. వరుణునికి ప్రసిద్ధమైన విశేషణం ధృతవ్రతుడు. ప్రథమమండలంలో శునఃశేపుడు దర్శించిన 25వ సూక్తం ఆయనను ఆ పేరుతోనే పిలిచి, ప్రజతో కూడిన పన్నెండు మాసాలను, వాటికి తోడుగా పుట్టే అధికమాసాన్ని ఎరిగినవానిగా కీర్తించింది. సంవత్సరాన్ని, మాసాన్ని, దినాన్ని విభజించి నిలిపినవారు మిత్రుడు, వరుణుడు, అర్యముడు అని సప్తమమండలంలోని 66వ సూక్తం చెప్పింది. ఈ దృష్టిలో ఋతువు ప్రకృతి నిలబెట్టుకొనే మాట. గ్రీష్మం తరువాత వర్షాకాలం రావడం ఒక వ్రతపాలనం. మనుష్యుడు తాను పలికిన మాటను నిలబెట్టుకోవడమూ వ్రతపాలనమే. రెండింటికీ కాపరి ఒక్కడే.

జలంతో వరుణునికి గల సంబంధాన్ని కూడ ఇక్కడినుండే గ్రహించాలి. సప్తమమండలంలోని 49వ సూక్తం జలదేవతలను స్తుతిస్తూ, వాటి మధ్య సంచరించే వరుణరాజు జనుల సత్యానృతాలను క్రిందికి చూస్తుంటాడని చెప్పింది. ఈ మంత్రం తైత్తిరీయ సంహితలోను ఉన్నది. పుణ్యాహవాచనవేళ జలాన్ని అభిమంత్రించేటప్పుడు వినిపిస్తుంది. ఇద్దరు కూర్చుండి రహస్యం మాట్లాడుకొంటే మూడవవాడై వరుణుడు వింటాడని, ఆయన పాశాలు అసత్యవాదిని బంధించి సత్యవాదిని విడిచిపెట్టాలని అథర్వవేదం చతుర్థకాండం చెప్పింది. భారతదేశానికి వెలుపల కూడ ఇదే రూపం కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దిలో హిత్తీరాజు సుప్పిలులియుమకు, మితాన్నిరాజు షత్తివాజకు జరిగిన సంధిపత్రంలో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ప్రమాణసాక్షులుగా పేర్కొనబడ్డారు. నేటి తుర్కియేలోని బోగజ్‌కోయ్‌లో 20వ శతాబ్ది తొలి దశకంలో జరిగిన తవ్వకాలలో ఈ పత్రం వెలుగుచూసింది. సంధిని పాలించేవానిని రక్షించడం, తప్పినవానిని శిక్షించడం ఆ సాక్షుల పని.

జర్మన్ పండితుడు హైన్రిఖ్ లూడర్స్ ఈ సాక్ష్యాలన్నింటిని పరిశీలించి, ఋతశబ్దానికి సత్యమే అర్థమని, జలాన్ని ముట్టి ప్రమాణం చేసే ఆచారం వల్లనే ప్రమాణదేవత అయిన వరుణునికి జలంలో నివాసం కలిగిందని ప్రతిపాదించాడు. ఆయన 1943లో మరణించాడు. వరుణునిపై ఆయన గ్రంథం లుడ్విగ్ ఆల్స్‌డోర్ఫ్ సంపాదకత్వంలో 1951, 1959 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. లూడర్స్ వాదం వరుణుని నైతికస్వరూపాన్ని పునరుద్ధరించింది. అయితే సత్యాన్ని స్థాపించే ఉత్సాహంలో ఆయన విశ్వనియమమన్న అర్థాన్ని పూర్తిగా తోసిపుచ్చాడు. ఒకరు నియమమని, మరొకరు సత్యమని చీల్చి చూపిన ఋతాన్ని వైదికకర్మకాండ చీల్చలేదు. ఆ ఏకత్వానికి చాతుర్మాస్యాలే ప్రబలసాక్ష్యం.

చాతుర్మాస్యాలు ఋతుసంధులలో జరిగే యాగాలు. వసంతంలో వైశ్వదేవం, వర్షర్తువులో వరుణప్రఘాసం, ఆపైన సాకమేధం, శునాసీరీయం. వర్షాకాలపు పర్వానికి వరుణుని పేరు ఉండడం యాదృచ్ఛికం కాదు. ప్రజలు వరుణుని యవలను తిన్నారని, అందువల్ల ఆయన వారిని పట్టి బాధించాడని, ఈ యాగంతో ప్రజాపతి వారిని విడిపించాడని శతపథబ్రాహ్మణం ద్వితీయకాండం చెప్పింది. యవల పిండితో మేషాన్ని, మేషిని చేస్తారు. కారీరీష్టిలో వాడే కరీరఫలాలే ఇందులోను వాడతారు. ఇంటిలో ఎంతమంది ఉన్నారో అంతకు ఒకటి ఎక్కువగా పిండిపాత్రలు చేసి, చేటలో తీసుకువెళ్లి దక్షిణాగ్నిలో హోమం చేయిస్తారు. ఆ ఎక్కువ పాత్ర ఇంకా పుట్టని సంతానం కొరకు. చివర అవభృథస్నానం. యాగమధ్యంలో ప్రతిప్రస్థాత యజమానపత్నిని, ఆమెకు పరపురుషసంబంధం ఉన్నదా అని అడుగుతాడు. ఆమె ఉన్నదున్నట్లు చెప్పాలి. చెప్పిన పాపం సత్యమై తగ్గుతుందని, దాచితే అది బంధువులకు కీడవుతుందని బ్రాహ్మణవాక్యం. వాన కురిసే ఋతువులో, వానకు సంబంధించిన ఫలంతో జరిగే యాగానికి సత్యకథనం అంగంగా ఉండడం ఇక్కడ ముఖ్యమైన విషయం.

ఈ విధిలోని లోపాన్ని కూడ దాచకూడదు. ప్రశ్న పత్నికి మాత్రమే వేయబడింది; యజమానుని ఎవరూ ఆ విధంగా అడగలేదు. సత్యభారాన్ని ఒక్కరి తలపై మోపిన ఈ ఏర్పాటును నేటి అధ్యాపకుడు సమర్థించవలసిన పనిలేదు. అయితే హోమమంత్రంలో గ్రామంలో, అరణ్యంలో, సభలో, ఇంద్రియాలతో చేసిన పాపాన్ని నివేదించే క్రియాపదం ఉత్తమపురుష బహువచనంలో ఉన్నది. సభలో చేసిన పాపం అంతఃపురానికి చెందినది కాదు. అది తీర్పులకు, సాక్ష్యాలకు, ఒప్పందాలకు చెందినది. ప్రశ్నలోని పక్షపాతాన్ని మంత్రంలోని బహువచనం సరిదిద్దుతున్నదని చెప్పడం అత్యుక్తి కాదు.

తెలుగు సాహిత్యవిద్యార్థికి ఈ చర్చ దూరమైనది కాదు. హరిశ్చంద్రుడు తెలుగువారికి సత్యానికి పర్యాయపదం. గౌరన ద్విపదకావ్యం మొదలు బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం వరకు ఆ కీర్తి అవిచ్ఛిన్నం. కాని ఐతరేయబ్రాహ్మణం సప్తమపంచికలోని హరిశ్చంద్రుడు వరుణునికి మాట ఇచ్చి వాయిదా వేసినవాడు. పుత్రుడు కలిగితే అతనినే బలి ఇస్తానని ప్రతిజ్ఞ చేసి, పది దినాలు గడవనీ అని, దంతాలు రానీ అని, అవి ఊడనీ అని, మరల మొలవనీ అని, కవచధారణకు అర్హుడు కానీ అని గడువులు కోరాడు. వరుణుడు ప్రతిసారీ అంగీకరించాడు. చివరకు రోహితుడు అడవికి వెళ్లగా రాజుకు ఉదరం ఉబ్బింది. మాట తప్పినవానికి జలమే వ్యాధి అయింది. కాలాన్ని అడ్డం పెట్టుకొని ప్రమాణాన్ని తప్పించుకోజూచినవానిని కాలానికీ ప్రమాణానికీ ఒడయడైన దేవుడు పట్టుకొన్నాడు. ఈ కథ భాగవత నవమస్కంధం ద్వారా తెలుగులోకి కూడ వచ్చింది. రెండు హరిశ్చంద్రకథలను పక్కపక్కన ఉంచి బోధిస్తే సత్యసంధత అన్న భావం ఎంత సంఘర్షణనుండి రూపొందిందో విద్యార్థికి తెలుస్తుంది.

పురాణకాలంలో సామ్రాట్టు స్థానం పోయి పశ్చిమదిక్పాలకత్వం మిగిలినా, ధర్మశాస్త్రం వరుణుని పాత అధికారాన్ని మరువలేదు. కూటసాక్షి నూరు జన్మలు వారుణపాశాలతో బంధింపబడతాడని మనుస్మృతి అష్టమాధ్యాయం. మహాపాతకులనుండి తీసిన దండధనాన్ని రాజు తాను అనుభవింపక నీటిలో వేసి వరుణునికి సమర్పించాలని, రాజులకు సైతం దండధరుడు ఆయనేనని నవమాధ్యాయం. సత్యంతో రక్షించుమని వరుణుని ప్రార్థించి నీట మునిగే జలదివ్యాన్ని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య అయిన మితాక్షరను ఆధారం చేసుకొని కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. అమరకోశం వరుణునికిచ్చిన ప్రచేతస్సు, పాశి, యాదసాంపతి, అప్పతి అన్న పర్యాయపదాలలో జ్ఞానం ఉన్నది, పాశం ఉన్నది, జలాధిపత్యం ఉన్నది, వర్షం లేదు. అమరాన్ని వల్లెవేసే విద్యార్థికి ఈ ఒక్క విషయం చూపినా చాలు. నీటి సాక్ష్యం శాసనభాషలో కూడ నిలిచింది. దానశాసనాలలోని ధారాపూర్వకమన్న మాట, నీరు విడిచి ఇచ్చినది తిరిగి తీసుకోరాదన్న నియమానికి గుర్తు. అటువంటి భాషలోనే నిలకడలేని మాటకు నీటిమీది వ్రాత అన్న పేరు కూడ ఏర్పడింది.

ప్రాచ్యకళాశాలల పాఠ్యక్రమంలో వరుణసూక్తాలు వేదభాగంలోను, హరిశ్చంద్రోపాఖ్యానం కావ్యభాగంలోను, దివ్యాలు ధర్మశాస్త్రభాగంలోను విడివిడిగా ఉంటున్నాయి. ఈ మూడింటిని ఒకేచోట చేర్చి, వరుణప్రఘాస బ్రాహ్మణంతో సమన్వయించి బోధించడం అవసరం. సంస్కృతాధ్యాపకుడు, ఆంధ్రాధ్యాపకుడు కలిసి చేయదగిన పని ఇది. వరుణజపాలను నిషేధించుమనిగాని, పరిహసించుమనిగాని దీని భావం కాదు. జపించే మంత్రం దేనిని ఒప్పుకొంటున్నదో చెప్పవలసిన బాధ్యత శాస్త్రజ్ఞులదే. చెరువులను ఆక్రమించినవారు, సభలో ఇచ్చిన మాటను మరచినవారు కూర్చుండి వానను మాత్రమే కోరితే అది వరుణోపాసన కాదు. ఆయన మొదట అడిగేది సత్యం. ఋతువు ఆ తరువాత వస్తుంది.