వెబ్‌సైటు బిల్లుకు ముందు వికలాంగుల పరీక్ష ఉండాలి

నల్లమల అంచున ఉన్న అచ్చంపేటకూ, చుట్టుపక్కల అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు మండలాల పల్లెలకూ జిల్లా కేంద్రం నాగర్‌కర్నూల్. ఏ చిన్న కాగితానికైనా ఒక రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కాల్సి వచ్చేది. ఆ తిరుగుడు తప్పించడానికే ప్రభుత్వాలు సేవలను ఆన్‌లైన్‌కు మార్చాయి. ఉద్దేశం మంచిదే. అయితే ప్రయాణం అందరికంటే ఎక్కువ కష్టమయ్యేది చూపు లేనివారికి, కాళ్లూ చేతులూ సహకరించనివారికి, తోడు లేకుండా గడప దాటలేనివారికి. ఆన్‌లైన్ సేవ మొదట ఎవరికి అక్కరకు రావాలో వారికే అది అందడం లేదు. తోడుతో ఆఫీసుకు వెళ్లినవారు ఇప్పుడు తోడుతో కంప్యూటర్ ముందుకు వెళ్తున్నారు. దీనికి కారణం సాంకేతికత లేకపోవడం కాదు, చట్టం లేకపోవడమూ కాదు. వెబ్‌సైటు తయారుచేసిన సంస్థకు బిల్లు చెల్లించే ముందు, దాన్ని వికలాంగులు వాడగలుగుతున్నారా అని ఎవరూ పరీక్షించకపోవడమే అసలు కారణం.

లోపం ఎక్కడుందో చూద్దాం. చూపు లేనివారు ఫోన్‌ను, కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్‌తో వాడతారు. తెర మీది అక్షరాలను అది పైకి చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. కాబట్టి చదివి వినిపించే సాధనం పల్లెలో కూడా చేతిలోనే ఉంది. సైటులో అది చదవగలిగిన అక్షరం ఉండాలి, అంతే. దరఖాస్తులోని గడికి పేరు పెట్టకపోతే అక్కడ పేరు రాయాలో ఆధార్ నంబరు రాయాలో వినేవారికి తెలియదు. బొమ్మలోని వంకర అక్షరాలను గుర్తుపట్టమనే క్యాప్చాకు వినిపించే ప్రత్యామ్నాయం లేకపోతే చూపు లేని మనిషి అక్కడే ఆగిపోవాలి. జీవోను ముద్రించి, సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి పెడితే అది ఫొటో మాత్రమే, స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క మాటా దొరకదు. తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్‌లో కాకుండా పాత డీటీపీ ఫాంట్లలో తయారైన పీడీఎఫ్ కంటికి తెలుగులానే కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం వేరే అక్షరాల సంకేతాలు. చెవికి అర్థంలేని శబ్దాలే చేరతాయి. చూపున్నవారికీ ఇబ్బందులున్నాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవారికి, మెడ తిప్పలేనివారికి మౌస్‌తో చిన్న గుర్తు మీద గురిపెట్టడం కష్టం. కీబోర్డుతోనే పని పూర్తయ్యేలా, సమయం మించిందంటూ మధ్యలో బయటికి నెట్టకుండా సైటు ఉంటే వారు తమ దరఖాస్తు తామే పూర్తిచేసుకోగలరు. వినికిడి లేనివారికి మంత్రుల వీడియో సందేశం కింద అక్షరాలు కనబడాలి.

వీటిని ఎవరి దయకో వదలకుండా హక్కులుగా చట్టం ఎప్పుడో గుర్తించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఆ ఏడాదే వచ్చిన నియమాలు ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్ర మార్గదర్శకాలను ప్రమాణంగా పెట్టాయి. నియమాలు వెలువడిన రెండేళ్లలో సేవలందించేవారంతా ప్రమాణాలు పాటించాలని సెక్షన్ 46 చెబుతోంది. ఆ గడువు 2019లోనే తీరిపోయింది. అమలు ఎందుకు జరగలేదో 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణాలు తప్పనిసరి కావాలని చట్టం అంటుంటే, నియమాలు వాటిని సలహాల స్థాయికి దించాయని తప్పుపట్టింది. మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదికను ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్ 30న, ఆన్‌లైన్‌లో గుర్తింపు సరిచూసే ఈ-కేవైసీ పద్ధతిపై వచ్చిన కేసులో అదే న్యాయస్థానం ఇంకో అడుగు వేసింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. కెమెరా ముందు కళ్లార్పి ప్రాణంతో ఉన్నామని రుజువు చేసుకోమని యాసిడ్ దాడి బాధితులను, చూపులేనివారిని అడగడం ఎంత అన్యాయమో ఆ కేసు బయటపెట్టింది.

మీసేవ ఉంది కదా, అక్కడి ఆపరేటరు అన్నీ చేసిపెడతాడు కదా అని కొందరంటారు. 2011లో మొదలైన మీసేవ లక్షల మందికి మేలు చేసింది, అది కొనసాగాలి. కానీ ఆపరేటరు దగ్గరికి వెళ్లడం తక్కినవారికి సౌకర్యం, వికలాంగులకు మాత్రం అదొక్కటే దారి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ, వైకల్య ధ్రువపత్రంలోని ఆరోగ్య వివరాలు అన్నీ ఇంకొకరి చేతిలో పెట్టాలి. దరఖాస్తులో తప్పు పడితే సరిచూసుకునే వీలుండదు, ఆ తప్పుకు ఆగేది మాత్రం వారి పింఛనే. పైగా వికలాంగులు సేవలు పొందేవారే కాదు, సేవలందించే ఉద్యోగులు కూడా. ప్రభుత్వోద్యోగాల్లో వారికి చట్టం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. పరీక్ష రాసి కొలువు తెచ్చుకున్న అంధ జూనియర్ అసిస్టెంట్‌కు ఆఫీసు సాఫ్ట్‌వేర్ చదవడానికి వీల్లేకపోతే కుర్చీ ఇచ్చి పని ఇవ్వనట్టే. మీసేవ ఆపరేటరుగా కూర్చోగల వికలాంగ యువతకూ అదే అడ్డంకి.

ఖర్చు ఎక్కువవుతుందన్నది రెండో అభ్యంతరం. దీనికి పాతికేళ్ల కిందటే జవాబు దొరికింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటును చదవలేకపోతున్నానని బ్రూస్ మెగ్వైర్ అనే అంధుడు ఫిర్యాదు చేశాడు. సరిచేయాలంటే 22 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, ఏడాదికి పైగా సమయం కావాలని నిర్వాహకులు వాదించారు. చిన్న బృందంతో కొన్ని వారాల్లో అయ్యే పని అని నిపుణులు సాక్ష్యమిచ్చారు. మానవ హక్కుల కమిషన్ ఫిర్యాదుదారు పక్షాన నిలిచింది, నిర్వాహకులు 20,000 డాలర్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. అమెరికాకు చెందిన వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను పరిశీలిస్తుంది. 2025లో దాదాపు 95 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి, వాటిలో అత్యధికం ఆరు రకాలవే. అక్షరాల రంగు వెలిసినట్టుండటం, బొమ్మకు వివరణ లేకపోవడం, గడికి పేరు లేకపోవడం వంటివి. ఇవి తయారీ దశలోనే సరిచేస్తే ఖర్చు లెక్కలోకి రాదు. కట్టేశాక సరిచేయబోతేనే భారమవుతుంది. ఖర్చు వాదన నిజానికి ముందస్తు పరీక్షకే బలమిస్తోంది.

ఇంత కొద్దిమంది కోసమా అని అడిగేవారూ ఉన్నారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వికలాంగులు 22 లక్షలకు పైగా తేలారు. అప్పటికున్న 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించేది, ఇప్పటి చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. శుక్లాలతో చూపు మందగించిన ముసలివారు, వణికే చేతులతో ఫోన్ పట్టుకునేవారు ఈ లెక్కలో ఉండరు, అవసరం మాత్రం వారిదీ. అసలు ఒక్కరే ఉన్నా సరే, పౌరుడికి ప్రభుత్వం తలుపు మూయకూడదు. నచ్చని దుకాణాన్ని వదిలి ఇంకో దుకాణానికి పోవచ్చు. పింఛనుకు, భూమి పాసుపుస్తకానికి వేరే ప్రభుత్వం ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి చేయాల్సింది స్పష్టం. ర్యాంపు వంటి వసతులు లేని భవనానికి పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వొద్దని 2016 చట్టమే అంటోంది. అదే సూత్రాన్ని రాష్ట్ర ఐటీ శాఖ ప్రతి వెబ్‌సైటు, యాప్ టెండరుకు వర్తింపజేయాలి. చూపు, వినికిడి, కదలిక సమస్యలున్నవారు దరఖాస్తును మొదటి నుంచి చివరిదాకా సొంతంగా పూర్తిచేశాకే తుది బిల్లు చెల్లించాలి. ఆ పరీక్ష చేసినవారికి వేతనం ఇవ్వాలి. అలంకారం కోసం అక్షరాలు పెంచే గుర్తు ఒకటి పైన పెట్టి చేతులు దులుపుకోవడాన్ని ఒప్పుకోకూడదు. అయితే మొదటిరోజు పరీక్ష ఒక్కటే చాలదు. జిల్లాల సైట్లకు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ అందరూ వాడగలిగేలా రూపొందించిన చట్రం ఇచ్చింది, అందులో స్కాన్ చేసిన కాగితాలు ఎక్కిస్తే ఆ చట్రం నిష్ప్రయోజనం. ప్రతి జీవో, ప్రతి నోటిఫికేషన్ యూనికోడ్ తెలుగులో కూడా ఉండాలన్నది ఆఫీసు నియమం కావాలి. బ్రిటన్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన సైటులో ఏది అందుబాటులో లేదో, ఫిర్యాదు ఎవరికి చేయాలో బహిరంగంగా ప్రకటించాలి. అటువంటి ప్రకటన మన దగ్గరా తెలుగులో ఉండాలి, బాధ్యుడైన అధికారి హోదాతో సహా.

అన్నీ ఒకేసారి సాధ్యం కావంటే క్రమం పెట్టుకోవచ్చు. వైకల్య ధ్రువపత్రం కోసం యూడీఐడీ దరఖాస్తు, పింఛను, భూమి రికార్డులు, ఉద్యోగ నోటిఫికేషన్లు ముందు వరుసలో ఉండాలి. వికలాంగుడినని నిరూపించుకునే దరఖాస్తునే వికలాంగుడు సొంతంగా నింపలేకపోవడం ఏ ప్రభుత్వానికీ తగదు. పదర మండలంలోని చూపులేని యువతి ఎవరినీ అడగకుండా, ఎవరికీ ఓటీపీ చెప్పకుండా తన పని ముగించుకోగలిగినప్పుడే ఆ సేవ ఆన్‌లైన్ అయిందని ప్రభుత్వం ప్రకటించాలి. అందాకా కాంట్రాక్టరు పని పూర్తి కానట్టే, బిల్లు ఆగాల్సిందే.