చదివిన సమయాన్ని కొలవగలమా?

ఈ వ్యాసంలో నేను ఒక అభిప్రాయం చెప్పబోతున్నాను. మీరు దానితో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. ఏ సంగతైనా కారణంతో చెప్పగలగడం ముఖ్యం.

మీలో చాలామంది పాఠాలను పుస్తకంలోనే కాక ఫోనులో కూడా చదువుతున్నారు. మీరు ఒక పేజీ తెరవగానే వెబ్‌సైట్ లెక్క రాసుకోవడం మొదలుపెడుతుంది. ఎంతమంది వచ్చారు, ఏ పేజీలు చూశారు, ఎంతసేపు ఉన్నారు అన్నవి ఆ లెక్కలో ఉంటాయి. చివరిదాన్నే సందర్శన సమయం అంటారు.

కొంతకాలం క్రితం ఒక సమావేశంలో ఇలాంటి పట్టిక ఒకటి మా ముందు పెట్టారు. అందులో ఒక పాఠానికి సందర్శన సమయం చాలా తక్కువగా ఉంది. "పిల్లలు చదవడం లేదు. పాఠాన్ని సగానికి తగ్గిద్దాం" అన్నారు ఒకరు. "ఈ సమయాన్ని ఎలా కొలిచారు?" అని నేను అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. జవాబు తెలియకుండా పాఠాన్ని తగ్గించడం తగదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఒక విద్యార్థిని 10 గంటలకు మొదటి పేజీ తెరిచింది. 10.02కు రెండో పేజీకి, 10.05కు మూడో పేజీకి వెళ్లింది. మూడో పేజీని శ్రద్ధగా చదివి 10.25కు మూసేసింది. ఆమె చదివింది 25 నిమిషాలు. కానీ గూగుల్ అనలిటిక్స్ పాత పద్ధతిలో లెక్క 5 నిమిషాలే. మొదటి పేజీ నుంచి వచ్చిన సంకేతానికీ, చివరి పేజీ నుంచి వచ్చిన సంకేతానికీ మధ్య ఉన్న తేడానే అది సమయంగా తీసుకునేది. ఆమె ఒకే పేజీ తెరిచి గంటసేపు చదివి ఉంటే లెక్క సున్నా! బస్సు ఎక్కినప్పుడు కండక్టరు చూశాడు కానీ, దిగినప్పుడు ఎవరూ చూడలేదన్నమాట.

ఆ పాత పద్ధతి 2023 జూలైలో సాధారణ ఖాతాలకు ఆగిపోయింది. 2020లో వచ్చిన కొత్త పద్ధతి, పేజీ మన కళ్ల ముందు తెరిచి ఉన్న సమయాన్ని లెక్కిస్తుంది. ఇది మెరుగైనదే. అయినా ఆ లెక్క వెబ్‌సైట్‌కు చేరాలంటే బ్రౌజర్ సహకరించాలి. అన్ని బ్రౌజర్లూ ఒకే తీరుగా సహకరించవు.

ఫోనులో బ్రౌజర్‌ను ఒక్కసారిగా తోసి మూసేస్తే చివరి సంకేతం పోకపోవచ్చు. బ్రేవ్ బ్రౌజర్ ఇలాంటి లెక్కలను మొదటి నుంచీ అడ్డుకుంటుంది. కాబట్టి అందులో చదివినవారు పట్టికలో కనిపించకపోవచ్చు. సఫారీ 2019 నుంచి, పేజీలోని స్క్రిప్టు పెట్టిన గుర్తులను సాధారణంగా ఏడు రోజులకు మించి ఉంచదు. పది రోజులకొకసారి వచ్చే విద్యార్థి అక్కడ ప్రతిసారీ కొత్త మనిషే. క్రోమ్ వెనక ఉన్న పేజీల గడియారాలను నెమ్మది చేస్తుంది. సెకను సెకనుకూ ఒకటి కలుపుతూ పోయే వెబ్‌సైట్ లెక్క అక్కడ తప్పుతుంది.

ఇవి బ్రౌజర్ల లోపాలు కావు. చాలావరకు మన ఆంతరంగికతనూ, బ్యాటరీనీ కాపాడేందుకు చేసిన ఏర్పాట్లు. లోపం ఆ సంఖ్యను మనం చదివే తీరులో ఉంది.

"అసలు కొలత లేకపోవడం కంటే ఏదో ఒక కొలత మేలు కదా?" అని మీరు అడగవచ్చు. కొంతవరకు నిజమే. ఒకే పాఠాన్ని, ఒకే బ్రౌజర్‌లో, మార్పుకు ముందూ తరువాతా పోల్చి చూస్తే ఉపయోగం ఉంటుంది. కానీ ఆ సంఖ్యతో ఒక విద్యార్థి శ్రద్ధను తూచకూడదు. ఒకే ఫోనుతో అక్కాతమ్ముళ్లు చదువుకునే ఇళ్లున్నాయి. పేజీ చూసి, ఫోను పక్కన పెట్టి, నోటు పుస్తకంలో అరగంట లెక్కలు చేసేవారున్నారు. ఆ అరగంట ఏ బ్రౌజర్‌కూ తెలియదు. నిజానికి చదువు జరిగింది అప్పుడే.

అందువల్ల పట్టిక చూపించేవారు మూడు పనులు చేయాలని నా అభిప్రాయం. ఒకటి, సమయాన్ని ఎలా కొలిచారో పట్టిక కిందనే రాయాలి. రెండు, బ్రౌజర్ల వారీగా విడదీసి చూపాలి. మూడు, పాఠాన్ని మార్చేముందు మీరు రాసి పంపిన జవాబులను చూడాలి. పాఠం అర్థమైందో లేదో చెప్పేవి ఆ జవాబులే.

చేసి చూడండి

మీకు తెలిసినవారికి వెబ్‌సైట్ ఉంటే వారి అనుమతితో ఈ పని చేయండి. పక్కన గడియారం పెట్టుకుని, ఒకే పేజీని మూడు బ్రౌజర్లలో అయిదేసి నిమిషాలు చదవండి. తరువాత ఒక్కో బ్రౌజర్‌లో రెండు నిమిషాలు వేరే పని చూసుకుని మళ్లీ రండి. మీ గడియారం లెక్కనూ, వెబ్‌సైట్ లెక్కనూ పక్కపక్కన రాయండి.

ఆలోచించండి

1. రెండు లెక్కల మధ్య తేడా ఏ బ్రౌజర్‌లో ఎక్కువగా ఉంది? కారణం ఏమై ఉంటుంది?
2. రెండు బ్రౌజర్ల సగటు సమయాల్లో తేడా ఉంటే అది కొలత వల్లనా, చదివేవారి వల్లనా? ఎలా తేలుస్తారు?
3. మీ చదువును కొలవడానికి సమయం కంటే మంచి కొలత ఏది? అయిదు వాక్యాలలో రాయండి.