పండగకు పందిరి వేస్తాం సరే, ఆదివారం బడి ఎప్పుడు?

వచ్చే సర్వసభ్య సమావేశంలో హాలు పైఅంతస్తు సంగతి చర్చకు వస్తుంది. ముందుగానే నా మాట చెబుతున్నాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

స్పెయిన్‌లో బార్సిలోనా చుట్టుపక్కల మాట్లాడే భాష కాటలాన్. అది స్పానిష్‌కు యాస కాదు, వేరే భాష. ఆ జనం పొట్ట చేత పట్టుకుని వెళ్ళిన ఊళ్ళలో సంఘాలు పెట్టుకున్నారు. కజాల్ అంటారు, ఇల్లు అన్న మాటలోంచి వచ్చిన పేరు. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ సంఘం 1886 నాటిది, మెక్సికో సంఘం 1906 నాటిది. ఇలాంటి సంఘాల్లో చాలా పని జీతం లేకుండానే జరుగుతుంది. భాషా తరగతి, పాటల బృందం, పిల్లలకు కథలు. ఏప్రిల్ 23న సాన్ జోర్ది పండగకు ఒకరికొకరు గులాబీ, పుస్తకం ఇచ్చుకుంటారు. మనం పండగకు శాలువా ఇస్తాం, అది బీరువాలోకి పోతుంది.

"వాళ్ళ ప్రభుత్వం సాయం చేస్తుంది, మనకెవరున్నారు?" అని కొందరు అడుగుతారు. నిజమే, బయటి సంఘాలను గుర్తించడానికి అక్కడ 1996లో చట్టం కూడా చేశారు. అంతకు ముందు మాట చూడండి. 1939లో అంతర్యుద్ధం గెలిచిన ఫ్రాంకో ఆ భాషను బడుల్లోంచి, ఆఫీసుల్లోంచి తీసేశాడు. బార్సిలోనాలో 1859లో మళ్ళీ మొదలైన కవితల పోటీ ఒకటుంది, పూల ఆటలని దాని పేరు. సొంత ఊళ్ళో జరుపుకునే వీలు లేకపోయేసరికి 1941లో బ్యూనస్ ఐరిస్‌లో పెట్టారు. తరువాత ఏటా ఒక ఊరు. మెక్సికో, హవానా, లండన్, పారిస్, అలా 1977లో మ్యూనిక్ దాకా. ఫ్రాంకో 1975లో పోయాడు, 1979లో ఆ భాషకు అధికార హోదా తిరిగి వచ్చింది. అన్నేళ్ళూ పోటీని మోసింది పరదేశంలో ఉన్న మామూలు సభ్యులే. గ్రాంటు లేదు, జీవో లేదు.

అయితే మనకు అసలు పోలిక బ్యూనస్ ఐరిస్ కాదు. వాళ్ళు వలస వెళ్ళినవాళ్ళు. మనం నాయకరాజుల కాలం నుంచి ఇక్కడివాళ్ళం, ఇదే మన ఊరు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో అల్గేరో అనే ఊరుంది. 1354లో కాటలాన్ రాజు దాన్ని పట్టుకుని తనవాళ్ళను తెచ్చి నిలిపాడు. పాలన మారింది, బడి ఇటాలియన్ అయింది, అయినా ఆ భాష అక్కడ ఇంకా ఉంది. 1999లో ఇటలీ చట్టం గుర్తించింది కూడా. కానీ ఇంట్లో పిల్లలతో ఆ భాష మాట్లాడేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆరువందల ఏళ్ళు నిలిచినది రెండు తరాల్లో కరిగిపోతుంది. చట్టం వచ్చి తాతతో మనవడికి మాట కలపదు కదా.

మన ఇళ్ళలో జరుగుతున్నదీ అదే. ఉగాది పోటీలో పిల్లలు తెలుగు పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసుకుని చదువుతున్నారు. అందులో క, గ రెంటికీ ఒకటే అక్షరం, గోపాలుడు కోపాలుడవుతాడు! మనం చప్పట్లు కొడతాం. పిల్లల తప్పేమీ లేదు. తమిళం మీద నాకు ఫిర్యాదూ లేదు, నాకు చదువు చెప్పింది, ఉద్యోగం ఇచ్చింది ఆ భాషే. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక, గూడూరు వైపు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. అంత వయసులో నాకు వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లకు ఎందుకు రాదు?

ఇంకొక మాట, కొందరికి నచ్చదు. లండన్‌లో 2015 నుంచి కాటలాన్ పద్ధతిలో మనిషి మీద మనిషి నిలబడి గోపురం కట్టే బృందం ఉంది. అందులో ఇతర దేశాలవాళ్ళూ ఉన్నారు. కింద భుజం కావాలి, ఎవరి భుజమైతే ఏం? మన దగ్గర ఇంటిపేరు, కులం విని గాని సభ్యత్వ రసీదు రాయరు. తెలుగింటికి వచ్చిన తమిళ కోడలు నేర్చుకుంటానంటే ఆమెకు ఏ రసీదు రాస్తాం?

నా ప్రతిపాదన ఇది. పైఅంతస్తు ఒక ఏడాది ఆగనీ. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండున్నర వరకు హాలు తెరవండి. పలకలు, పుస్తకాలు చాలు, ఫీజు వద్దు. మొదటి మూడు నెలలు అక్షరాలు నేను చెబుతాను. వ్యాకరణం తెలిసిన అక్కగారు ఎవరైనా ఉంటే ఆ తరువాతది అందుకోండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కార్యదర్శిగారు చెప్పాలి.